గెర్నికా చిత్రము - ప్రతీకార్థ విచారము

యుద్ధమును గర్హించుచు వెలసిన ఆధునిక చిత్రములలో పాబ్లో పికాసో 1937వ సంవత్సరమున రచించిన 'గెర్నికా' మిక్కిలి ప్రసిద్ధమైనది. దానిని గూర్చి వెలువడిన వ్యాఖ్యానములు లెక్కకు మిక్కిలి. ఐనను అందలి ఆబోతు దేనికి ప్రతీక, గుఱ్ఱము దేనికి ప్రతీక అను మొదటి ప్రశ్నకే వ్యాఖ్యాతలలో ఏకాభిప్రాయము కుదురలేదు. ఒకరు ప్రజయని చెప్పినదానిని మఱొకరు ప్రజాపీడకమని చెప్పిరి. ఒకే చిత్రమును చూచి, ఒకే యుద్ధమును ద్వేషించిన సహృదయులు ఇట్లు పరస్పర విరుద్ధముగ పలుకుటకు హేతువేమి? లోపము చిత్రమునందున్నదా, వ్యాఖ్యాన పద్ధతియందున్నదా? దీనిని విచారించుటయే ప్రస్తుత వ్యాసోద్దేశము.

సాహిత్య పరిశోధనకు ఉద్దేశింపబడిన పత్రికలో చిత్రవిమర్శ యేల యని కొందఱు శంకింపవచ్చును. ఇచట తగవు వర్ణములను గూర్చినది కాదు, రేఖలను గూర్చినది కాదు, అర్థమును గూర్చినది. ఒక రూపము తనకంటె వేఱైన అర్థమును ఎట్లు స్ఫురింపజేయును, ఆ అర్థమునకు హద్దు ఎచట నున్నది అను ప్రశ్న మన ఆలంకారికులు వేయి సంవత్సరములకు పూర్వమే వేసికొన్నది. కావున ఈ విచారమున వారి పరిభాష మనకు తోడ్పడునని మేము తలంచుచున్నాము.

1. చారిత్రక నేపథ్యము

1936 జూలైలో జనరల్ ఫ్రాంకో మొదలగు సేనానులు స్పెయిను రిపబ్లికు ప్రభుత్వముపై తిరుగబడగా ఆ దేశమున అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. 1937 జనవరిలో రిపబ్లికు ప్రభుత్వమువారు, ఆ సంవత్సరము పారిస్ నగరమున జరుగనున్న అంతర్జాతీయ ప్రదర్శనమందలి తమ మంటపమునకు ఒక పెద్ద చిత్రమును వ్రాసి యిమ్మని పికాసోను కోరిరి. కొన్ని నెలలవఱకు ఆయనకు తగిన వస్తువు దొరకలేదు.

ఏప్రిల్ 26వ తేదీ సోమవారము. అది బాస్కు ప్రాంతమున గెర్నికా పట్టణమునకు సంతదినము. ఆనాటి అపరాహ్ణమున ఫ్రాంకోకు తోడ్పడ వచ్చిన జర్మనుల 'కాండోరు' దళ విమానములును, ఇటలీ విమానములును ఆ పట్టణముపై మూడు గంటలకు పైగా బాంబులు కురిపించెను. ప్రేలుడు బాంబులతోపాటు అగ్నిబాంబులు కూడ పడుటచే పట్టణము చాలవఱకు దగ్ధమయ్యెను. నాటి బాస్కు ప్రభుత్వము మృతుల సంఖ్య 1,654 అని ప్రకటించెను. తరువాతి చరిత్రకారులు పెక్కురు అది అంతకంటె చాల తక్కువయని నిర్ణయించిరి. జార్జి స్టీర్ అను విలేఖరి వ్రాసిన వార్త ఏప్రిల్ 28న లండను 'టైమ్స్' పత్రికలో వెలువడగా లోకము నివ్వెఱపోయెను. ఫ్రాంకో పక్షమువారు మాత్రము తమకేమియు తెలియదనియు, పట్టణమును ఆ పట్టణపువారి పక్షమే తగులబెట్టుకొనెననియు ప్రచారము చేసిరి. ఈ బొంకును మనము జ్ఞప్తియందుంచుకొనవలెను; చిత్రార్థ నిర్ణయమున దీనికి స్థానము కలదు.

పికాసో మే 1వ తేదీన తొలి చిత్తురేఖలను గీచెను. జూన్ మొదటి వారమునకు చిత్రమును ముగించెను. ఎత్తు సుమారు 3.5 మీటర్లు, వెడల్పు సుమారు 7.8 మీటర్లు గల ఆ పటము రచింపబడుచున్న కాలమున డోరా మార్ అను ఆమె దాని వివిధ దశలను ఛాయాచిత్రములుగ తీసెను. ఈ ఛాయాచిత్రములును, తేదీలు వేసియున్న చిత్తురేఖలును మనకు లభించుట విమర్శకుల భాగ్యము. కావ్యమునకు కవి స్వహస్తముతో కొట్టివేసిన పాఠములు దొరకుట వంటిదిది.

2. చిత్ర స్వరూపము

చిత్రము నలుపు, తెలుపు, బూడిద వర్ణములలో మాత్రమే నడచినది. ఎడమవైపున ఒక ఆబోతు నిలిచియున్నది. దాని మెడక్రింద చనిపోయిన బిడ్డను ఒడిలో పెట్టుకొని, తల పైకెత్తి, నోరు తెఱచి రోదించుచున్న తల్లి. నేలపై అవయవములు తెగిన యోధుడు. వాని చేతియందు విఱిగిన కత్తి, దాని చెంత లేతగ గీచిన ఒక చిన్న పువ్వు. నడుమ ఈటెపోటు తిన్న గుఱ్ఱము మెడ మెలిత్రిప్పి అఱచుచున్నది. దాని తలపై కన్నువంటి ఆకారమున ఒక విద్యుద్దీపము. కుడివైపు గవాక్షమునుండి ఒక స్త్రీ దేహము సగము బయటకు చాచి చేతిదీపమును ముందునకు పట్టినది. ఆమె క్రింద మఱొక స్త్రీ కాలీడ్చుకొనుచు వెలుగువైపు వచ్చుచున్నది. కుడి అంచున మండుచున్న యింటినుండి వేఱొక స్త్రీ చేతులు పైకెత్తి పడిపోవుచున్నది. ఆబోతునకు, గుఱ్ఱమునకు నడుమ చీకటిలో ఒక పక్షి ముక్కు మీదికెత్తి కూయుచున్నట్లు కనిపించీ కనిపించక యుండును.

ఇట నున్నవాటికంటె లేనివి ముఖ్యములు. విమానము లేదు, బాంబు లేదు, శత్రుసైనికుడు లేడు. ఫ్రాన్సిస్కో గోయా 1814లో రచించిన '1808 మే మూడవ తేదీ' అను చిత్రమున చంపువారు వరుసదీరి నిలిచియుందురు; వారి ముఖములు కనబడకున్నను తుపాకులు కనబడును. గెర్నికాయందు చచ్చువారు మాత్రమే కలరు. చంపిన చేయి పటము వెలుపల నున్నది.

3. పూర్వపక్షములు

మొదటి పక్షము: ఆబోతు క్రౌర్యమునకు ప్రతీక, గుఱ్ఱము ప్రజలకు ప్రతీక. ఈ పక్షమునకు పికాసో మాటయే ఆధారము. 1945లో ప్రకటింపబడిన ఒక సంభాషణలో, జెరోమ్ సెక్లరు అను అమెరికను ప్రశ్నింపగా, ఆబోతు ఫాసిజము కాదనియు, అది పాశవికత్వము, అంధకారము అనియు, గుఱ్ఱము ప్రజయనియు ఆయన చెప్పెను.

రెండవ పక్షము: స్పెయిను కవియైన హువాన్ లార్రేయా 1947లో ప్రకటించిన తన గ్రంథమున ఇందుకు విపరీతముగ, ఆబోతు స్పెయిను ప్రజయనియు, గుఱ్ఱము ఫ్రాంకో పక్షమనియు ప్రతిపాదించెను. ఇది నిరాధారము కాదు. పికాసో 1937 జనవరిలో ఆరంభించిన 'ఫ్రాంకో స్వప్నము, అసత్యము' అను చిత్రమాలికలో వికృతాకారుడైన ఫ్రాంకోను ఎదిరించునది ఆబోతే.

మూడవ పక్షము: ప్రతీకలే లేవు, ఆబోతు ఆబోతే, గుఱ్ఱము గుఱ్ఱమే. దీనికిని పికాసోయే సాక్షి. 1947లో తన చిత్ర వ్యాపారియైన కాన్వైలర్ ద్వారా ఆయన ఈ భావమునే తెలిపి, చూపరులు తమకు తోచినది చూడవచ్చునని చెప్పెను.

ఒక్క కర్తయే మొదటి పక్షమునకును మూడవ పక్షమునకును సాక్ష్యమిచ్చుచున్నాడు. సాక్షి వాక్యములు పరస్పరము విరోధించినపుడు న్యాయాధిపతి చేయవలసినది వస్తుసాక్ష్యమును చూచుట. ఆ వస్తుసాక్ష్యము చిత్తురేఖలయందును, ఛాయాచిత్రములయందును కలదు.

4. నిర్మాణ దశల సాక్ష్యము

మే 1వ తేదీ చిత్తురేఖలలోనే ఆబోతు, గాయపడిన గుఱ్ఱము, దీపము చాచిన స్త్రీ కలరు. ఈ మువ్వురును తుదివఱకు నిలిచిరి. వీరు గెర్నికా కొఱకు క్రొత్తగ కల్పింపబడినవారును కారు. 1935లో పికాసో రచించిన 'మినోటారోమాకీ' అను ముద్రణచిత్రమున వృషభముఖము గల పురుషుడు, గాయపడిన గుఱ్ఱము, దీపము పట్టిన బాలిక కలరు. అప్పటికి అంతర్యుద్ధమే లేదు. ఆబోతు, గుఱ్ఱము స్పెయినువారికి వృషభయుద్ధ రంగమునుండి వచ్చిన పరిచిత రూపములు. కాన ఈ రూపములకు 1937 నాటి రాజకీయ పక్షములను ఒక్కొక్కటిగ అంటగట్టుట కాలక్రమమునకే విరుద్ధము.

ఇక వచ్చి పోయినవి ఏవి? తొలిదినముల చిత్తురేఖ యొకదానిలో గుఱ్ఱపు గాయమునుండి చిన్న రెక్కలగుఱ్ఱము వెలువడుచుండెను. అది మరణమునుండి ఉద్భవించు ఆత్మకు, కవితకు గుర్తుగ ఐరోపావారెల్లరును ఎఱిగిన రూపము. దానిని తీసివేసెను. మే 11న తీసిన మొదటి ఛాయాచిత్రమున నేలబడిన యోధుడు బిగించిన పిడికిలిని పైకెత్తి యుండెను. ఆనాడు ఆ పిడికిలి రిపబ్లికు పక్షమువారి వందనము. అర్థము తెలియనివాడు స్పెయినులో లేడు. తరువాతి దశలో ఆ చేతికి ధాన్యపు వెన్నులను ఇచ్చి, వెనుక గొప్ప సూర్యబింబమును నిలిపెను. పిమ్మట చేయి పోయెను, వెన్నులు పోయెను. సూర్యబింబము కన్నుగ మాఱి, తుదకు దానిలో విద్యుద్దీపము వెలిసెను. నేలకు వ్రాలియుండిన గుఱ్ఱపు తల పైకి లేచి చిత్ర మధ్యభాగమును ఆక్రమించెను.

వీనిని వరుసగ పరిశీలించినచో ఒక నియమము గోచరించును. తొలగింపబడినవన్నియు ఒకే అర్థము గలవి. పిడికిలికి ప్రతిఘటన తప్ప వేఱర్థము లేదు. వెన్నులకు ఫలసమృద్ధి తప్ప వేఱర్థము లేదు. నిలిచినవన్నియు అర్థము ఒక్కచోట ఆగనివి. ఇది ఆకస్మికమని మేము నమ్మజాలము. పికాసో చేతికి తెలిసిన విషయమును ఆయన సంభాషణలకంటె ఈ ఛాయాచిత్రములే స్పష్టముగ చెప్పుచున్నవి. అర్థసందిగ్ధత ఆయనకు తప్పిపోయిన లోపము కాదు. ఐదు వారములు శ్రమించి సాధించిన ఫలము.

ఈ నియమమునకు ఒక అపవాదమును చూపవచ్చును. విఱిగిన కత్తిచెంత నున్న పువ్వు ఆశకు గుర్తని అందఱును అందురు. అది తుదివఱకు నిలిచినదిగదా యని. సత్యమే. కాని ఆ పువ్వును పిడికిలితోను, సూర్యునితోను పోల్చి చూడుడు. ఆకాశమంత యెత్తున నిలిచిన ఆశ నేలబడిన వాని వ్రేళ్ళచెంతకు దిగివచ్చినది. వెదకువానికి తప్ప కనబడని యంతగ పలుచబడినది. తొలగింపబడకున్నను, తగ్గింపబడినది.

5. అన్యాపదేశమును, ధ్వనియు

యుద్ధ నిరసన చిత్రమునకు వేఱొక మార్గము కలదు. రూబెన్స్ అను ఫ్లెమిష్ చిత్రకారుడు రచించిన 'యుద్ధ ఫలితములు' అను పటము ఇప్పుడు ఫ్లారెన్సు నగరమున పిట్టి ప్రాసాదమున నున్నది. ఆ చిత్రమును గూర్చి ఆయన 1638లో సుస్టర్మాన్స్ అను తోటి చిత్రకారునికి ఒక లేఖ వ్రాసెను. అందు ప్రతి రూపమునకును అర్థము చెప్పియున్నాడు. తెఱచిన ద్వారము జానుస్ దేవాలయము, ముందునకురుకువాడు యుద్ధదేవత, అడ్డుకొనునామె వీనస్, విఱిగిన వీణతో పడియున్న స్త్రీ సామరస్యము, నల్లని వస్త్రములలో విలపించు స్త్రీ ఐరోపాఖండము. ఇది అన్యాపదేశ రచన. తాళపుచెవి చేతనున్నవానికి తలుపులన్నియు తెఱచుకొనును. ప్రతి రూపమును ఒక పదమునకు మాఱుగ నిలిచినది. పదము తెలిసిన పిమ్మట సందేహము మిగులదు. ఆ పటము మహత్తరమైనదే. దాని మార్గము వేఱు.

గెర్నికా వ్యాఖ్యాతలు పెక్కురు రూబెన్సు లేఖవంటి లేఖను పికాసోనుండి కోరిరి. అది రాకపోగా తామే వ్రాసిరి. ఇదియే వారి పద్ధతియందలి దోషము. మన పరిభాషలో చెప్పవలెనన్న, వారు ధ్వనిని రూపకాతిశయోక్తిగ భ్రమించిరి. రూపకాతిశయోక్తిలో ఉపమానము ఉపమేయమును మ్రింగివేసి తానొక్కటియే కనబడును. ఉపమేయము ఏదియో గుర్తించినచో పని ముగిసినది. ధ్వనిలో అట్లు కాదు. వాచ్యార్థము నశింపదు, అది నిలిచియుండగనే దాని నాశ్రయించి వేఱర్థము, ఆ పిమ్మట మఱొకటి, గంట మ్రోగిన పిదప నాదమువలె వ్యాపించును. ఆనందవర్ధనుడు ధ్వనికి కావ్యాత్మ స్థానమిచ్చినది ఇందుకే.

అట్లయినచో ఎవరికి తోచినది వారు చెప్పవచ్చునా? మూడవ పక్షమువారి మాటయే సిద్ధాంతమగునా? కాదు. ధ్వనికి వాచ్యము ఆధారము, ప్రకరణము హద్దు. గెర్నికాలో వాచ్యముగ నిలిచినవారు నలుగురు స్త్రీలును, బిడ్డయును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దేనికిని ప్రతీక కాదు. ఆమె బిడ్డను పోగొట్టుకొన్న తల్లి. ఇంటిలో కాలుచున్న స్త్రీ కాలుచున్న స్త్రీయే. ఏప్రిల్ 26న జరిగినది వారియందున్నది. ఈ వాచ్యమును త్రోసిపుచ్చు వ్యాఖ్య యేదియు నిలువదు. ఈ చిత్రము వీరత్వమును కీర్తించుచున్నదని యెవడైన ననినచో ఆ తల్లి తెఱచిన నోరే వానికి ఖండనము. రసము కరుణయే, స్థాయి శోకమే. అందు సందిగ్ధత లేశమైనను లేదు. సందిగ్ధత జంతువులయందును, దీపములయందును మాత్రమే కలదు.

దీపములు రెండు. విద్యుద్దీపమునకు పట్టిన చేయి లేదు. అది పైనుండి ఱంపపుపండ్లవంటి కిరణములతో అందఱిని చూచుచున్నది. స్పానిషు భాషలో విద్యుద్దీపమునకు 'బొంబిల్యా' యని పేరు, బాంబునకు 'బొంబా' యని పేరు. శ్లేషను కొందఱు గుర్తించిరి. చేతిదీపమును మనుష్య హస్తము పట్టియున్నది. అది చూచుటకై ప్రక్కనుండి చొచ్చి వచ్చినది. మొదటి వెలుగు క్రింద జనులు చచ్చుచున్నారు; రెండవ వెలుగువైపు కాలీడ్చుకొను స్త్రీ వచ్చుచున్నది. ఈ భేదము కంటికి కనబడునది. దీనిని దాటి ఒకటి యంత్రనాగరకత, రెండవది సత్యము అని పేర్లు పెట్టుట అనావశ్యకము. పేరు పెట్టినంత మాత్రమున చూపు పెరుగదు.

6. ఆబోతు ఉన్న తావు

ఇక తగవునకు మూలమైన ఆబోతు. అది ఏమి యని అడుగుటకు ముందు అది ఎచట నున్నదని అడుగవలెను. దాని తల బిడ్డను పోగొట్టుకొన్న తల్లి తలకు సరిగ పైన నున్నది. ఆమె తెఱచిన నోరు దాని మూతివైపే యెత్తబడియున్నది. తొలి దశలలో దాని మొండెము చిత్ర మధ్యభాగమువైపు చాగియుండగా, తరువాత పికాసో దానిని ఎడమవైపునకు త్రిప్పి, ముఖమును మాత్రము ఇటు నిలిపెను. ఇప్పుడు దాని దేహము తల్లిని చుట్టి నిలిచినట్లున్నది. కాపాడుచున్నదందమా, పైకొని నిలిచినదందమా? రెండును అనవచ్చును. మఱియు ఆ పటమున గాయము లేని పెద్ద ప్రాణి అదియొక్కటియే. తక్కినవారి చూపులు ఆకాశమునకో, వెలుగునకో లేచియుండగా దాని కన్నులు పటము వెలుపలికి, మనవైపునకు తిరిగియున్నవి.

మాకు ముఖ్యముగ తోచునది ఇది. ఆ తల్లికి పైన నిలిచిన బలము రక్షకమా, భక్షకమా యను ప్రశ్న వ్యాఖ్యాతలకు పుట్టిన ప్రశ్న కాదు, ఆ తల్లిది. ఆమెకు ప్రత్యుత్తరము లభింపలేదు. పటమును చూచు మనకు మాత్రము అది తేలికగ లభింపవలెనని కోరుట న్యాయమా? లార్రేయా ఆబోతును ప్రజయనగా ఆ తల్లికి అండ దొరకినది. సెక్లరుకు చెప్పిన మాట ప్రకారము అది క్రౌర్యమనగా ఆమెకు శత్రువు దొరకినాడు. రెండు వ్యాఖ్యలును ఆమె దిక్కులేమిని తీర్చివేయుచున్నవి. పికాసో దానిని తీర్చలేదు. అందుచేతనే ఆ రోదనము ఎనుబది సంవత్సరములకు పైబడినను ఆగలేదు.

7. నామధేయ ప్రయోజనము

హంతకుని చూపకపోవుటచే ఈ చిత్రము దోషిని విడిచిపెట్టినదని ఆక్షేపింపవచ్చును. దీనికి సమాధానము చిత్రమున లేదు, చిత్రనామమున కలదు. పటములో పట్టణమును గుర్తించుటకు ఏ ఆనవాలును లేదు. ఆ పవిత్రమైన ఓక్ వృక్షమైనను లేదు. పేరు మాత్రమే 'గెర్నికా'. ఆ పట్టణమును దాని జనులే కాల్చుకొనిరను బొంకు లోకమున తిరుగుచున్న దినములలో, ఆకాశమువైపు లేచిన ముఖములతో నిండిన పటమునకు ఆ పేరు పెట్టుట సాక్ష్యము చెప్పుటయే. 1997లో జర్మను అధ్యక్షుడు రోమన్ హెర్త్సోగ్ తమ దేశపు విమానదళము ఆనాడు చేసిన పనిని బహిరంగముగ అంగీకరించెను. ఆ అంగీకారము అఱువది సంవత్సరములకు వచ్చినది. చిత్రము ఐదు వారములకే పలికినది.

ఇట్లు పేరు ఒక్క స్థలమునకు, ఒక్క దినమునకు కట్టుబడియుండగా రూపములు ఏ స్థలమునకును కట్టుబడలేదు. ఈ రెండును కలియుటచే కలిగిన శక్తికి ఒక నిదర్శనము చాలును. న్యూయార్కునందు ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ద్వారముచెంత ఈ చిత్రమునకు నేతప్రతి యొకటి 1985 నుండి వ్రేలాడుచుండెను. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగమంత్రి కాలిన్ పవెల్ ఇరాకునకు ప్రతికూలముగ వాదించిన సందర్భమున దానిని నీలిరంగు తెఱతో కప్పిరి. టెలివిజన్ చిత్రణ సౌకర్యమునకై అట్లు చేసితిమని అధికారులు చెప్పిరి. లోకము వేఱుగ గ్రహించెను. చిత్రమున పిడికిలి నిలిచియుండినచో అది 1937 నాటి ఒక పక్షపు పతాకయై యుండెడిది. 2003లో దానిని కప్పవలసిన పని ఎవరికిని కలుగకపోయెడిది. ఆబోతు ఫ్రాంకోయే యైనచో 1975లో ఫ్రాంకోతోడనే అదియు మరణించి యుండెడిది.

ఉపసంహారము

పై విచారమువలన తేలిన అంశములు ఇవి. గెర్నికా చిత్రమందలి ఆబోతు, గుఱ్ఱము, దీపములు ఒక్కొక్క అర్థమునకు మాఱుగ నిలిచిన అన్యాపదేశములు కావు. ఏకార్థములైన ప్రతీకలను పికాసో బుద్ధిపూర్వకముగ తొలగించెనని నిర్మాణదశల ఛాయాచిత్రములు రుజువు చేయుచున్నవి. ఐనను చిత్రార్థము హద్దులేనిది కాదు. స్త్రీల, శిశువుల వాచ్యరూపములును, చిత్రనామమును దానికి హద్దులు.

స్పెయినున స్వేచ్ఛ మరల నెలకొన్న పిమ్మటనే ఆ దేశమునకు పోవలెనన్న చిత్రకారుని కోరిక ప్రకారము ఈ పటము 1981 సెప్టెంబరులో న్యూయార్కునుండి అచటికి చేరినది. 1992 నుండి మాడ్రిడ్ నగరమున రెయినా సోఫియా కళాసంగ్రహాలయమున నున్నది. దానియెదుట నిలుచు చూపరికి విమర్శకుడు ఈయదగినది తాళపుచెవి కాదు. తాళపుచెవితో తెఱచిన తలుపును మూసివేసి ఇంటికి పోవుట సులభము. మృతశిశువును చేతబట్టిన తల్లియెదుట ఆ సౌలభ్యము తగదు. ఆమె ఎవరిని చూచి ఏడ్చుచున్నదో చూపరి తనంతట వెదకుకొనవలెను. ఆ వెదకులాటలో ఆబోతు కన్నులు తనవైపే తిరిగియుండుటను గుర్తింపవలెను. అంతవఱకు చూపరిని తోడ్కొనిపోవుటయే వ్యాఖ్యానధర్మమని మా అభిప్రాయము.